పల్లెగుడిలో క్రిస్మసు

డిసెంబరు మాసమున కృష్ణా డెల్టా గ్రామములలో రాత్రివేళ మేల్కొనియుండువారికి రెండు నాదములు వినవచ్చుచుండును. తెల్లవాఱుజామున ఊరిలో వినవచ్చునది హరిదాసు చిడతల చప్పుడు. అది ధనుర్మాసపు నాదము. అంతకు చాల ముందు, నడిరేయి కావచ్చుచుండగా, ఊరికి ఫర్లాంగు దూరముననున్న పల్లెనుండి హార్మోనియమును, తబలాయు, తాళములును కలిసి వినవచ్చును. హరిదాసు వచ్చినప్పుడు గృహిణి చేట పట్టుకొని గుమ్మములోనికి వచ్చి బియ్యము పోయును. రెండవ నాదమును మాత్రము విన్నవారు విననట్లే యుందురు. “పల్లెలో క్రిస్మసు కాబోలు” అని ప్రక్కకు ఒత్తిగిల్లి పరుందురు. మా పాఠకులలో పెక్కురు అట్టి గృహస్థులే యగుటచేతను, మేమును ఆ కోవలోనివారమే యగుటచేతను, ఆ రెండవ నాదమును గూర్చి కొంత వ్రాయదలచితిమి.

ఉన్నవ లక్ష్మీనారాయణగారి “మాలపల్లి” 1922లో వెలువడినది. ఆనాటి ప్రభుత్వము దానిని నిషేధించినప్పుడు మన పెద్దలు మిక్కిలి కోపించిరి. ఆ గ్రంథమును చదివి కంట తడి పెట్టినవారు ఈనాటికిని కలరు. చదివిన పుస్తకము మూసి, లేచి, ఆ ఫర్లాంగు దూరము నడచి పోయినవారెందఱు?

నడచి పోయినచో కానవచ్చునదేమి? గుడి ముందఱ వేపచెట్టునకు ఇనుపతీగతో వ్రేలాడగట్టిన రైలుపట్టా ముక్క పెక్కు పల్లెలలో గంటయై యుండెను. కొన్నింట ఇంకను కలదు. దానిని సుత్తితో మూడు మారులు కొట్టినచో వీధి వీధియంతయు కదలును. గుడి యొకప్పుడు మట్టిగోడలును తాటాకు కప్పును గల కొట్టము. నేడు పెక్కుచోట్ల సిమెంటు కట్టడము. ద్వారమునకు మామిడి తోరణము, ముంగిట సున్నపు ముగ్గు, వెదురుబద్దలకు రంగుకాగితమంటించి లోపల దీపముంచిన నక్షత్రము. చెప్పులు వెలుపల విడిచి లోనికి పోవలయును. పురుషులొక ప్రక్కను, స్త్రీలొక ప్రక్కను చాపలపై కూర్చుందురు. స్త్రీలు కొంగు తలపై కప్పుకొందురు. ఉపదేశిగారు లూకా సువార్త రెండవ యధ్యాయము చదువుదురు. సత్రములో చోటు లేక, పురిటాలు పశువుల పాకలో శిశువును కని పొత్తిగుడ్డలతో చుట్టి తొట్టిలో పరుండబెట్టిన కథ అది. పశువుల కొట్టమననేమో పుస్తకమువలన తెలిసికొనవలసిన యవసరము ఆ వినువారికి లేదు. దొడ్డిలో చెత్త యెత్తి, కుడితి పెట్టి, పాలు పితికి, ఆ పాలు తాము త్రాగక ఊరిలోనికి మోసినవారి సంతతి వారు. సత్రములో చోటు లేదన్న మాటయు వారికి క్రొత్తది కాదు.

క్రిస్మసు దొరల పండుగయని మనలో పలువు రనుకొందురు. పల్లెలో చూచినచో దొర యెచ్చటను కనబడడు. అరిసెలు వండుదురు, పులిహోర కలుపుదురు, మాంసము పంచుకొందురు, క్రొత్త బట్టలు కట్టుదురు. పాటల మాటకు వచ్చినచో, “ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు” అను పుస్తకమును తెఱచి చూచినవారికి పెక్కు కీర్తనల తలమీద రాగమును తాళమును ముద్రింపబడి కనబడును. వానిలో ఉత్తమములైనవానిని పెక్కింటిని రచించిన పురుషోత్తమ చౌదరిగారు 1803లో బ్రాహ్మణ కుటుంబమున జన్మించి 1890 వఱకు జీవించిరి. అనగా త్యాగరాజస్వామి తిరువయ్యాఱులో కృతులు పాడుచున్న కాలముననే వారు యువకులు. పల్లెలోని ముసలమ్మకు అక్షరము రాదు. ఆ కీర్తనలు మాత్రము చరణచరణము కంఠస్థము. పట్టణమున కచ్చేరీకి టిక్కెట్టు కొని పోవు మిత్రులు ఆమె పాట విన్నచో రాగమును గుర్తింపకపోరు.

ఈ మతము పల్లెకు వచ్చిన విధమును గూర్చి ఊరిలో ప్రచారమునందున్న మాట యొకటి కలదు: కరవులో గంజి పోసి కలుపుకొనిరని. అది కొంత నిజమే కావచ్చును. కాని ఒంగోలు కథ వేఱుగా నున్నది. 1876 మొదలు 1878 వఱకు ధాత కరవు ఆ ప్రాంతమును దహించినప్పుడు జాన్ క్లౌ అను అమెరికా బాప్తిస్టు మిషనరీ బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత భాగము గుత్తకు పుచ్చుకొని, ఆకలిగొన్నవారికి పని కల్పించి కూలి యిచ్చెను. కరవు సాయము జరుగుచున్నంత కాలము బాప్తిస్మమిచ్చుట నిలిపివేసెను. అన్నముకొఱకు వచ్చినవారు దానితోనే వెడలిపోవచ్చునని ఆయన యుద్దేశము. వారు వెడలిపోలేదు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నీటిలో నిలిచి ఆ పని నెఱవేర్చినవారు స్వదేశీయులైన బోధకులే. గంజి మాట యెత్తువారు ఈ సంగతియు ఎఱుగుట న్యాయము. మెతుకు మాత్రమే కావలసినవారు మెతుకు దొరకిన తరువాత నది యొడ్డున బారులు తీరి నిలువరు. మనుష్యులని పిలుచువాడు కావలసి నిలిచిరి. ఆ పిలుపు మన నోటినుండి ఏల రాలేదని ప్రశ్నించుకొన్నవారు మన పూర్వులలో కొలదిమంది.

దోర్నకలు బిషప్పు వేదనాయగము శామ్యూలు అజరయ్యగారి చరిత్ర జాతీయవాదులు తప్పక చదువదగినది. తిరునల్వేలి సీమలో పల్లెటూరి గురువునకు కుమారుడై పుట్టి, 1909లో భారతీయుల సొమ్ముతో నడచు మిషనరీ సంఘమునకు పనివాడై తెలుగుదేశమునకు వచ్చి, మన భాష నేర్చి, 1912లో ఆంగ్లికను సంఘమునకు మొట్టమొదటి భారతీయ బిషప్పయ్యెను. అంతకు రెండేండ్లు ముందు 1910లో ఎడింబరో మహాసభలో లేచి, తెల్లవారైన మిషనరీలు సొమ్మును శ్రమను ప్రాణములను సయిత మిచ్చిరిగాని తమతో సరిసమానముగ కూర్చుండు స్నేహితులను మాత్రము ఈయలేదనియు, అవియే తమకు కావలయుననియు చెప్పెను. సభ నివ్వెఱపోయినదట. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని వాదించినవారిలో ఆయన యొకరు. మతాంతరము విషయమున గాంధీమహాత్మునితో ఆయనకు భేదాభిప్రాయముండెను. అది మఱుగుపఱుపవలసిన పని లేదు. 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడిన దోర్నకలు దేవాలయమును చూచినవారు దానియందు మన దేవాలయ మండపముల స్తంభములను, మసీదుల గుమ్మటములను ఒకేచోట చూచియుందురు. మెదకులో 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠింపబడిన దేవాలయము ఐరోపా గోతికు పద్ధతిని ఆకాశమంటుచున్నది. దాని ఠీవి దానిది. మాకు మాత్రము దోర్నకలు కట్టడమే హృదయమునకు దగ్గఱయైనది.

ఇక ఈ గుళ్లు నడచుట యెట్లు? విదేశమునుండి డబ్బు వచ్చుచుండునని ఊరిలో చెప్పుకొందురు. వచ్చిన రోజులును కలవు. కాని తెలుగు క్రైస్తవుల పల్లెలలో ఒక యాచారము చిరకాలముగ నున్నది. పొయ్యిమీద ఎసరు పెట్టి బియ్యము కడుగుటకు ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేఱొక కుండలో వేయును. కూలి దొరకిన దినమున నిండు పిడికెడు. దొరకని దినమున వేళ్లసందున జాఱగా మిగిలినంత. ఆదివారమునాడు కుండలోని బియ్యము గుడికి చేరును. అట్లు చేరిన బియ్యమును అమ్మి ఉపదేశిగారి జీతమునకును, దీపమునకును, కప్పునకును వినియోగింతురు. కోతపండుగనాడు గుమ్మడికాయ, కోడిపెట్ట, అరటిగెల కానుకగా తెచ్చి ఆరాధనానంతరము వేలము వేయుదురు. రూపాయి వస్తువును పది రూపాయలకు పాడి తీసికొనుటలో వారికి గొప్ప వినోదము. మన గుళ్లకు రాజులిచ్చిన మాన్యములు కలవు. పల్లెగుడికి మాన్యము ఆడుదాని పిడికిలి. అజరయ్యగారు తమ కాలమున ఈ దానశిక్షణ విషయమున ఎంతో పట్టుదల చూపిరి.

మా పాఠకులైన భూస్వాములకు ఇచ్చట ఒక చిన్న లెక్క జ్ఞాపకము చేయక తప్పదు. క్రిస్మసు వచ్చు దినములు సార్వా వరి కోతలు, కుప్పనూర్పులు సాగు దినములు. మబ్బు పట్టినచో రైతు గుండె దడదడలాడును. అది మే మెఱిగినదే. అప్పుడే పల్లెవారు రెండు దినములు పనిలోనికి రామందురు. పూర్వ మీ రెండు దినములకై ప్రతియేటను తగవు నడచెడిది. ఆ దినములు పనికి రానివానిని మఱునాడు పనికి పిలువని కామందులు కలరు. పండుగ ఖర్చునకు కొలుపులు ముందుగా నిచ్చి పంపిన కామందులును కలరు. సంక్రాంతికి తమ యింట మూడు దినములు నాగలి ముట్టని గృహస్థుడు పల్లెవాని యొక్క దినమునకు విసుగుకొనుట యేమి న్యాయమో మాకు బోధపడలేదు. నేడు కోతయంత్రములు వచ్చి ఆ తగవును చాలవఱకు తీర్చినవి. తగవుతోపాటు కూలియు తీఱిపోయినది. పల్లె యువకులు హైదరాబాదునకును, గోదావరి సీమల స్త్రీలు పలువురు కువైటునకును పోయి పరుల యిండ్ల పని చేయుచున్నారు. క్రిస్మసునకు ముందుగా బస్సులు దిగి పెట్టెలు మోసికొని వచ్చువారు వారే. పల్లెగుడికి క్రొత్తగా వేసిన శ్లాబులో వారి యెండ కొంత కలదు.

పల్లెవారిని పొగడుటకే కలము పట్టలేదు గనుక కాదనలేని లోపములును చెప్పవలయును. ప్రొద్దు గ్రుంకినది మొదలు తెల్లవాఱువఱకు మైకు పెట్టి చెవులు పగులగొట్టుట భక్తి కాదు. (ఊరి గుళ్లలోని మైకులును దీనికి తీసిపోవని పల్లెవారు బదులు చెప్పుదురు, దానికి మా యొద్ద సమాధానము లేదు.) అంతకంటె బరువైనది వేఱొకటి. 1947 సెప్టెంబరు 27వ తేదీన, స్వరాజ్యము వచ్చిన 43వ దినమున, మద్రాసులో ఆంగ్లికనులు, మెథడిస్టులు, కాంగ్రిగేషనలు ప్రెస్బిటీరియను సంఘములవారు ఏకమై దక్షిణ భారత సంఘముగ నేర్పడిరి. సముద్రముల కావలినుండి వచ్చిన భేదములు అట్లు తీఱినవి. ఇచ్చట పుట్టిన భేదము తీఱలేదు. పెక్కు గ్రామములలో మాలల గుడి వేఱు, మాదిగల గుడి వేఱు. ఒకే గ్రంథము, ఒకే కీర్తన, ఒకే రాత్రి. నడుమ ఒక డొంక. ఊరు పల్లెకు నేర్పిన చదువులలో పల్లె మఱువనిది ఇది.

చట్టము చేసిన చిక్కు మఱియొకటి కలదు. 1950వ సంవత్సరపు రాష్ట్రపతి యుత్తరువు హిందువులు గానివారిని షెడ్యూల్డు కులములనుండి తొలగించెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో వారికి వెనుకబడిన తరగతులలో “సి” వర్గముగ నూటికొక్క పాలు మాత్రము లభించును. కావున కాగితముమీద హిందువుడై, గుడిలో క్రైస్తవుడై యుండువారు పల్లెలలో కొల్లలు. బడిలో ఒక పేరు, బాప్తిస్మపు పుస్తకములో వేఱొక పేరు. దీనిని మోసమని కొందఱందురు. బాప్తిస్మమిచ్చిన నీటిలో కులము కొట్టుకొనిపోయినదని చట్టమనుచున్నది. ఆ కులము పోయినట్లు ఊరు ఒప్పుకొన్న దినము మాకు జ్ఞాపకము లేదు. 1985 జూలై 17వ తేదీన చీరాలకు చేరువనున్న కారంచేడులో మాదిగపల్లెవారి మంచినీటి చెఱువు కడ పుట్టిన తగవు ఆరుగురి హత్యతో ముగిసెను. చంపవచ్చినవారు ఎవరి మతమేమని అడుగలేదు. ప్రాణములు దక్కించుకొని చీరాలకు పరుగెత్తినవారికి ఆశ్రయమిచ్చినది ఒక క్రైస్తవ దేవాలయపు ఆవరణము.

పండుగనాటి ఉదయము ఆరాధన ముగిసిన తరువాత పల్లెలో మఱియొక పని యుండును. ఏండ్లకొలది తాము పని చేసిన కామందుల యిండ్లకు పండుగ పళ్లెములు పంపుట. వెనుకటి కాలమున అందులో అరటిపండ్లును, తమలపాకులును మాత్రమే యుండెడివి. వండిన వస్తువును ఊరు ముట్టదని పంపువారికే తెలియును. ఇటీవల ధైర్యము చేసి అరిసెలును, కేకు ముక్కలును పెట్టుచున్నారు. మే మెఱిగిన యొక యింట ఆ పళ్లెమును పుచ్చుకొని నవ్వుచు క్షేమసమాచారములడిగి పంపిరి. తలుపు వేసిన తరువాత అరటిపండ్లు లోనికిని, అరిసెలు పాలేరునకును పోయెను. ఆ పాలేరు పల్లెవాడే. సాయంకాలము అతడు వానిని కండువలో మూటగట్టుకొని యింటికి పోయి విప్పగా, తల్లి చూచి తన చేతి అరిసెలను గుర్తించినది.