నల్లని ప్లాస్టిక్కుపై తెల్లని మైనపు చారలు

పండుగకు ముందు ఇంటి కారును కడిగి, మైనము పూసి, తుడుచుట నేడు పల్లెలలో సైతము పరిపాటి యైనది. రంగు వేసిన రేకు అద్దమువలె మెఱయును. కాని మఱునాడు చూచినచో, బంపరు మీదను, తలుపుల దిగువ పట్టీల మీదను ఉన్న నల్లని ప్లాస్టిక్కుపై సున్నపు చేతితో తాకినట్లు తెల్లని చారలు కనబడును. తడిసినంతసేపు అవి కనుమరుగగును. ఆరగానే మరల తేలును. వీనిని పోగొట్టు ఉపాయమును, పోగొట్టబోయి వస్తువును చెఱుపుకొనకుండు జాగ్రత్తను నేడు మనవి చేసెదను.

మనలో పలువురు అంబాసిడరు బండిని ఎఱుగుదురు. 2014లో దాని తయారీ నిలిచిపోయినది. దాని బంపరులు ఇనుపవి. పైన క్రోమియపు మెఱుగు. ఇత్తడి చెంబులు తోమిన చేతులు వానిని గట్టిగా రుద్దినను అవి తాళుకొనెడివి. నేటి బండ్ల నల్లని భాగములు పెక్కు పాలీప్రొపిలీను అను ప్లాస్టిక్కుతో పోతపోసినవి. ఇచ్చట ఆ పాత యలవాటు మోసము చేయును.

ఇది నా యనుభవమే. ఒక యేడు మా కుమారుని బండికి ఇట్టి చారలు పడగా, అతడు నిద్ర లేచులోపల శుభ్రము చేయుదమని గిన్నెలు తోము ఇనుప పీచుతో రుద్దితిని. మరక పోయినది, దానితోపాటు ప్లాస్టిక్కు గరుకుదనమును పోయి, అరచేయి వెడల్పున నున్నని మచ్చ శాశ్వతముగా నిలిచినది. కుమారుడు ఏమియు అనలేదు. అనకపోవుటయే నాకు బరువైనది.

కారణము చెప్పెదను. ఆ ప్లాస్టిక్కును దగ్గఱగా చూచినచో తోలువలె సన్నని గుంటలు గలదై యుండును. ఆ గుంటలు అచ్చులోనే ఏర్పడినవి. అరిగినచో తిరిగి రావు. నలుపు కూడ పైపూత కాదు; కాటుక వంటి సన్నని మసిని ప్లాస్టిక్కులోనే కలిపి పోతపోయుదురు. ఆ మసి ఎండ తాకిడిని కొంత ఆపును. ఇక కారు మైనపు ముద్దలలో మైనముతోపాటు, కొన్నింట మెఱుగుపెట్టు సన్నని పొడియు ఉండును. నున్నని రేకు మీద మిగులు గుడ్డకు వచ్చివేయును. ప్లాస్టిక్కు గుంటలలో చిక్కినది అచ్చటనే ఎండి తెల్లబడును.

వట్టి నీటికి అది ఏల లొంగదు? చేమయాకు మీద నీటిబొట్టు దొరలిపోవుట చూచియున్నాము. ఆకుపై నున్న సన్నని మైనపు పొరయే అందులకు ముఖ్యకారణము. కారు మైనములలో పేరుపొందిన కార్నౌబా కూడ బ్రెజిలు దేశపు ఈశాన్య భాగమున పెరుగు ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుండి వచ్చినదే. కావున మైనమును మెత్తబఱచి పైకి లేపవలెను గాని గీకరాదు.

మొదట బండిని నీడలో నిలిపి, దుమ్మును, ఇసుకను కడిగివేయవలెను; లేనిచో ఇసుకయే గీతలు పెట్టును. పిమ్మట చేయి ఓర్చుకొనునంతటి వేడినీటిలో గిన్నెలు కడుగు ద్రవసబ్బు కొంచెము కలిపి, తడిగుడ్డను మరకపై కొన్ని నిమిషములు ఉంచవలెను. మెత్తని పాత పళ్ల బ్రష్షుతో నెమ్మదిగా రుద్ది, కడిగి, ఆరనిచ్చి చూడవలెను. పలుమార్లు ఇంతతోనే పోవును.

పోనిచో పనసపండు కోయువారిని తలచుకొనుడు. వారు చేతికి నూనె రాచుకొనినందున జిగురు అంటుకొనదు. అట్లే ఒకటి రెండు చుక్కల కొబ్బరినూనెను గుడ్డతో అద్ది రుద్దినచో మైనము వదులగును. వెంటనే సబ్బునీటితో ఆ నూనెను కడిగివేయవలెను. మిగిలినచో దుమ్ము పట్టును. చిన్న చారలను పెన్సిలు గీతలు చెఱపు మెత్తని తెల్లని రబ్బరుతోను తీయవచ్చును. ఏ పద్ధతినైనను ముందు కనబడని మూలను పరీక్షింపవలెను.

పెట్రోలు, థిన్నరు, గరుకు కాగితము, ఇనుప పీచు వాడరాదు. మొదటి రెండు ప్లాస్టిక్కును చెఱుపగలవు. నిప్పు అంటుకొను అపాయమును గలదు.

మఱియొక మాట. తెలుపు రంగురేకు అంచున చారలుగా నున్నచో అది మైనము. ఎండ తగులు భాగమంతయు సమానముగా బూడిదరంగు తేలినచో అది ఎండవలన కలిగిన జీర్ణత. దానిని ఎంత కడిగినను ఫలముండదు.

మైనము పూయుటకు ముందే రంగువారు వాడు కాగితపు టేపును ప్లాస్టిక్కు అంచున అంటించి, పని ముగిసిన పిదప తీసివేసినచో ఈ చిక్కే రాదు. ఆ టేపుచుట్ట ఆనాడు నా చేతిలో నుండినయెడల, మా కుమారుని బండిపై నేటికిని ఆ మచ్చ ఉండెడిది కాదు.