కన్ను, నోరు, తక్కెడ

ఇంగ్లీషులో మర్యాద లేదన్న మాట మన దగ్గర తరచూ వినిపిస్తుంది. చిన్నా పెద్దా తేడా లేకుండా అందరినీ ‘యూ’ అంటారని, మనకున్న మీరు, గారు, అండీ వాళ్లకు లేవని, కాబట్టి ఆ భాషలో గౌరవానికి చోటు తక్కువని తేల్చేస్తారు. ఇది పూర్తిగా తలకిందులైన అభిప్రాయం. ‘యూ’ మొదట బహువచనం, మన ‘మీరు’కు సరిజోడు. మన ‘నువ్వు’కు సమానంగా ‘దౌ’ అనే మాట విడిగా ఉండేది. పై అంతస్తువాళ్లను ‘యూ’ అనడం మర్యాదగా మొదలైంది. ఎవరిని ‘దౌ’ అంటే ఎవరికి కోపం వస్తుందోనన్న జంకుతో రానురాను అందరినీ ‘యూ’ అనడమే అలవాటైంది. 17వ శతాబ్దంలో క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు, దేవుడి ముందు అందరూ సమానమేనంటూ న్యాయమూర్తులను సైతం ‘దౌ’ అని పిలిచి తిట్లు, దెబ్బలు తిన్నారు. అంటే ఇంగ్లీషు వదులుకున్నది నువ్వును. అందరికీ మిగిల్చింది మీరును. ఇక ఎక్కువ తక్కువలు చెప్పే పని సర్వనామానికి తప్పిపోయి నామవాచకాల మీద, విశేషణాల మీద పడింది. రెస్పెక్ట్, ఎస్టీమ్, రెపుటేషన్, రెనౌన్, ప్రెస్టీజ్, ఆనర్ అని ఇన్ని మాటలు అక్కడ నిలబడ్డాయంటే వాటిలో ప్రతిదానికీ విడి పని ఉంది. మనం మాత్రం గౌరవం, ప్రతిష్ఠ, కీర్తి అనే మూడు అర్థాలనే తిప్పి తిప్పి రాసుకుని అన్నీ ఒకటేననుకుంటాం.

వీటిని విడదీయడానికి తేలికైన దారి ఒకటుంది. ఆ గౌరవం కంటితో పుట్టిందా, నోటితో పుట్టిందా, తక్కెడలో పుట్టిందా అని అడగాలి. రెస్పెక్ట్ కంటి మాట. దాని లాటిన్ మూలానికి తిరిగి చూడటం అని అర్థం. రిగార్డ్ కూడా చూపే, అడ్మైర్ అంటే అబ్బురపడి చూడటం. మనం ‘చిన్నచూపు’ అన్నప్పుడు వాడేదీ ఈ కన్నే. ఫేమ్ నోటి మాట. లాటిన్‌లో ‘ఫామా’ అంటే జనం చెప్పుకునే మాట, వదంతి. రెనౌన్ అంటే పేరును మళ్లీ మళ్లీ పలకడం. మన ‘నలుగురి నోళ్లలో నానడం’ దీనికి దగ్గరి బంధువు. కంటి మాటకు చూసిన మనిషి కావాలి. నోటి మాటకు చూడకపోయినా ఫరవాలేదు. ఒకరి ఫేమ్ గురించి ఊరందరూ చెప్పవచ్చు, రెస్పెక్ట్ గురించి మాత్రం ఎవరికి వారే చెప్పుకోవాలి.

తక్కెడ మాటలు అన్నిటికంటే లోతైనవి. ఎస్టీమ్, ఎస్టిమేట్ ఒకే తల్లి బిడ్డలు: విలువ కట్టడం. ప్రైస్, ప్రైజ్, అప్రీషియేట్ మూడూ ‘వెల’ అనే ఒకే లాటిన్ మాట నుంచి వచ్చాయి. రెపుటేషన్‌లో ఉన్నది లెక్క. కంప్యూటర్‌లోనూ, అకౌంట్‌లోనూ ఉన్నది ఆ లెక్కే. తెలుగువాళ్లకు ఇది కొత్త కాకూడదు. ‘వాడు నన్ను లెక్క చేయలేదు’ అన్నప్పుడు మనమూ గౌరవాన్ని లెక్కగానే చూస్తున్నాం. ఉత్తరం మొదట్లో రాసే ‘డియర్’కు ఇష్టమైన, ఖరీదైన అని రెండర్థాలున్నట్టే మన ‘ప్రియం’కూ ఉన్నాయి: మనిషి ప్రియం, కూరగాయలూ ప్రియం. అసలు ‘గౌరవం’ పుట్టిందే ‘గురు’ నుంచి. గురు అంటే బరువైనది. లాటిన్‌లో బరువుకున్న ‘గ్రావిస్’ దానికి తోబుట్టువు. ఇప్పుడు రంపచోడవరం లాంటి మన్యం సంతను తలుచుకోండి. కొండ దిగి వచ్చిన చింతపండు బరువెంతో మోసుకొచ్చిన మనిషి భుజానికి తెలుసు. కానీ సంతలో చెల్లేది భుజం చెప్పిన బరువు కాదు, షావుకారు తక్కెడ చూపిన బరువు. రెపుటేషన్ అచ్చం అలాంటిది. అది మన గురించిన లెక్కే అయినా, ఖాతా పుస్తకం మన ఇంట్లో ఉండదు. రాళ్లు ఎవరివో, కాటా ఎవరు పట్టుకున్నారో, ముల్లు ఎటు మొగ్గేలా వేలు ఆనించారో, ఆ అంకె వీటన్నిటి మీద ఆధారపడుతుంది. గిరిజనుల సరుకును దళారులు దోచుకోకూడదని 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టారు. మనుషుల పేరుప్రతిష్ఠలను తూచడానికి అలాంటి సంస్థ ఎక్కడా లేదు.

ఆ లేమి ఎంత ప్రమాదమో చట్టంలోనే కనిపిస్తుంది. మంచి నడతకు పూచీకత్తు అడిగే కేసుల్లో, ఒక మనిషి అలవాటుపడ్డ నేరస్తుడని చూపడానికి ‘జనరల్ రెప్యూట్’ను, అంటే నలుగురూ అనుకునేదాన్ని, సాక్ష్యంగా తీసుకోవచ్చని 1898 నాటి నేర విచారణ స్మృతి చెప్పింది, 1973 నాటి స్మృతి కూడా దాన్ని ఉంచింది. 1871లో వచ్చిన నేరస్త జాతుల చట్టం ఇంకా ముందుకు పోయి, చెడ్డపేరును పుట్టుకతో అంటగట్టింది. 1911 తర్వాత అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో ఎరుకల కుటుంబాలను ఒకచోట చేర్చింది ఆ కాలంలోనే. 1952 నాటికి చట్టం పోయింది కానీ ఆ ఊరిపేరు వినగానే దొంగతనం గుర్తుచేసుకునే అలవాటు వెంటనే పోలేదు. పుస్తకంలో అంకె కొట్టేసినంత మాత్రాన జనం నోట్లో అంకె చెరగదు.

రంప కొండల చరిత్రలో ఈ మూడు కొలతలూ ఒకేచోట తలపడ్డాయి. కొండల్లో ‘దొర’ మర్యాద మాట. 1879 నాటి తిరుగుబాటు నాయకుడు కారం తమ్మన్నదొర పేరులోనూ, 1922లో తిరగబడిన అల్లూరి సీతారామరాజు పక్కన నిలిచిన గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లలోనూ అది ఉంది. తెల్ల అధికారిని కూడా మైదానంలో దొర అనే పిలిచేవారు. ఈ నాయకులను ప్రభుత్వం తిరుగుబాటుదార్లనే పిలిచింది. అయినా పేరు రాయాలంటే దొర అని రాయక తప్పలేదు. జనం ఇచ్చిన గౌరవం పేరుకు అతుక్కుని శత్రువు కాగితంలోకీ నడిచి వెళ్లింది. అది నోటి కొలత. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి ఆయుధాలు తీసుకున్న రామరాజు తలకు ప్రభుత్వం 10,000 రూపాయల వెల కట్టింది. అది తక్కెడ కొలత. కంటి కొలత వేరుగా ఉంది: ఆయనను దగ్గరగా చూసిన కొండవాళ్లలో ఎందరో ఆ డబ్బుకు ఆశపడకుండా దాదాపు రెండేళ్లు ఆయనకు అండగా ఉన్నారు. 1924 మే 7న ఆయనను కాల్చి చంపారు. శిక్ష అనుభవించి వచ్చిన మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. పాత దొరల ఇంగ్లీషే అక్కడ ఆయనను ‘ఆనరబుల్ మెంబర్’ అనాల్సి వచ్చింది. మన్యంలో 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన జిల్లాకు రామరాజు పేరు పెట్టారు. మారింది కాటా పట్టుకున్న చెయ్యి.

ఇక్కడే ప్రెస్టీజ్ గురించి ఒక మాట చెప్పాలి. దాని లాటిన్ మూలానికి అర్థం కనికట్టు, గారడీ. ఇంగ్లీషులోనూ మొదట్లో మోసం, భ్రమ అనే అర్థంలోనే వాడారు. మెరుపు, దర్పం అనే అర్థం తర్వాత వచ్చింది. రామరాజుకు తూటా తగలదని, మహిమలున్నాయని చెప్పుకునే కథలు ఆ పాత అర్థంలో ప్రెస్టీజ్‌నే ఇస్తాయి. తూటా తగిలింది, ఆయన చనిపోయారు. తగులుతుందని తెలిసీ నిలబడిన మనిషికి దక్కాల్సింది రెస్పెక్ట్. మహిమ అంటగడితే ఆ ధైర్యానికి విలువే లేకుండా పోతుంది. తూటా తగలనివాడికి ధైర్యంతో పనేముంది?

మాటల పుట్టుక చూసి నేటి అర్థం చెప్పడం తప్పు కదా అని అడగవచ్చు. నిజమే, ‘నైస్’ ఒకప్పుడు తెలివితక్కువ అనే అర్థమిచ్చేది. ఇప్పుడు ఎవరూ అలా వాడరు. కానీ ఈ కుటుంబంలో పాత లెక్క ఇంకా బతికే ఉంది. ‘రెప్యూటెడ్ టు బి రిచ్’ అంటే డబ్బున్నవాడని అంటారు, నిజమో కాదో తెలియదు అని. నమ్మదగిన సంస్థ అని చెప్పాలంటే ‘రెప్యూటబుల్’ అనాలి. మన పత్రికల్లో రెప్యూటెడ్ మంచి అర్థంలోనే చెల్లుతోంది, దాన్ని తప్పని కొట్టేయనక్కర్లేదు. కానీ ఒప్పందంలోనో కోర్టు కాగితంలోనో కనిపిస్తే ఆగి చదవాలి. తెలుగులో పేరుమోసిన డాక్టరూ ఉంటాడు, పేరుమోసిన దొంగా ఉంటాడు. ఇంగ్లీషులో మొదటివాడు రెనౌన్డ్, రెండోవాడు నటోరియస్. ‘ఇన్‌ఫేమస్’ అంటే పేరు లేనివాడు అనుకుంటే పెద్ద పొరపాటు, అతనికున్నది చెడ్డపేరు.

కొత్త భాష నేర్చుకునే పిల్లలకు ఇంత సూక్ష్మం బరువు కాదా అనీ అనవచ్చు. అక్షరాలకంటే ముందే వాళ్లకు ఈ తేడా తెలుసు. తాత తూకం చూసి ధర చెబుతాడు, నాయనమ్మ మనిషిని చూసి మాట చెబుతుంది, ఊరు విన్నదాన్ని చెబుతుంది. ఎవరికైనా ఒక గౌరవపు మాట రాసే ముందు మూడు ప్రశ్నలు చాలు: నేను చూశానా, విన్నానా, తూచానా? విన్నదాన్ని చూసినట్టు రాయకుండా, ఎవరో తూచిన అంకెను మన తూకంగా చెప్పకుండా ఉంటే, ఆ మాట ఏ భాషలోదైనా దానికి గౌరవమనే పేరుకు తగ్గ బరువు ఉంటుంది.