మూలనున్న ప్రింటర్‌కు నెట్‌వర్క్ దారి

హాల్‌టికెట్, రెజ్యూమె, అప్లికేషన్... ప్రతిదానికీ నెట్ సెంటర్‌కి పరుగెడుతున్నారా? ఇంట్లో పాత ప్రింటర్ ఉంటే దుమ్ము దులపండి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, కెనాన్ ఎల్‌బీపీ 2900 లాంటివాటికి వైఫై లేదు, ఉన్నది యూఎస్‌బీ ఒక్కటే. అయినా ఇంట్లోని మిగతా విండోస్ కంప్యూటర్ల నుంచీ ప్రింట్ కొట్టొచ్చు.

ముందు ఒక కంప్యూటర్‌కు ప్రింటర్ తగిలించి డ్రైవర్ వేయండి. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ ట్యాబ్ తెరిచి ‘షేర్ దిస్ ప్రింటర్’కు టిక్ పెట్టండి. రెండో కంప్యూటర్ రన్ బాక్స్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు, వెంటనే మొదటి కంప్యూటర్ పేరు కొడితే ప్రింటర్ కనిపిస్తుంది. డబుల్ క్లిక్ చేస్తే సరి. రెండూ ఒకే వైఫైలో ఉండాలి, ఆ నెట్‌వర్క్‌ను ‘ప్రైవేట్’గా పెట్టాలి. మొదటి కంప్యూటర్ ఆఫ్‌లో ఉంటే మాత్రం కాగితం కదలదు.

చాలామంది ఆగిపోయేది చివర ‘11బీ’ అని ఉండే ఎర్రర్ దగ్గర. 2021 సెప్టెంబరు విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్‌తో మొదలైన తలనొప్పి ఇది. వీడియోలు చూసి రిజిస్ట్రీ మార్చేస్తారు. పని జరుగుతుంది గానీ, ఆ అప్‌డేట్ మూసిన కంత మళ్లీ తెరుచుకుంటుంది. రెండు కంప్యూటర్లలోనూ అప్‌డేట్లు పూర్తిచేసి, రెండోదాంట్లో కూడా డ్రైవర్‌ను ముందే వేసి చూడండి.

డెస్క్‌టాప్ సపోర్ట్ ఉద్యోగాలకు వెళ్లేవారికి ఈ కుస్తీ ఉచిత ప్రాక్టీసు. ‘యూజర్‌కి ప్రింట్ రావట్లేదు, ఏం చూస్తారు?’ అని అడిగితే డ్రైవర్ రీఇన్‌స్టాల్‌తో మొదలుపెట్టొద్దు. పవర్, కేబుల్, క్యూలో ఇరుక్కున్న ఫైల్, ప్రింట్ స్పూలర్ సర్వీస్, ఆ తర్వాత పింగ్... ఈ వరసలో చెప్పండి.