చిన్న యూరిలో స్త్రీ వోటు

ఎన్నికలు సమీపించినచో చిన్న యూళ్లలో ప్రతి యింటికిని ఒక పక్షము నంటగట్టుట మనకు వాడుక. "ఆ వీధి యంతయు ఫలానా పార్టీది, ఆ యిల్లు ఫలానావారిది" అని అరుగులమీదను, కాఫీ హోటళ్లలోను లెక్కలు వేయుదురు. ఆ లెక్కలో వినవచ్చునది ఇంటి యజమాని పేరొక్కటియే. తల్లి, భార్య, కోడలు—వీరి వోట్లు ఆయన వోటు వెనుకనే నడచివచ్చునని యందఱి నమ్మకము. ఈ నమ్మకము ఎంతవఱకు నిజమో సోదరీమణులు ఒకింత యోచింపవలయును.

వోటు హక్కు మన స్త్రీలకు నిన్న మొన్న వచ్చినది కాదు. 1921లోనే మద్రాసు శాసనసభ స్త్రీలకు వోటు నంగీకరించెను. అయితే అది ఆస్తి గలవారికే గనుక, పొందినవారు మిక్కిలి కొలదిమంది. 1951-52 నాటి తొలి సాధారణ ఎన్నికలలో 21 ఏండ్లు నిండిన వారి కెల్లరకును, ఆస్తితోగాని చదువుతోగాని పనిలేకుండ, వోటు లభించెను. కాని పట్టికలు వ్రాయువారు ఇంటింటికి పోయినప్పుడు, ముఖ్యముగా ఉత్తరదేశమున, పెక్కుమంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. "ఫలానావాని భార్యను", "ఫలానావాని తల్లిని" అని మాత్రమే వ్రాయించుకొనిరి. స్వంత పేరు లేనివారిని పట్టికలో నుంచరాదని ఎన్నికల ప్రధానాధికారి సుకుమార్ సేన్ నిశ్చయించుటచే, సుమారు 28 లక్షల మంది స్త్రీలు ఆ యెన్నికలలో వోటు పోగొట్టుకొనిరి. శాసన మిచ్చిన హక్కు పేరు చెప్పుకొనని కారణమున జాఱిపోయినది!

పేరున్నను, ఇంటివారి మాట దాటి వోటు వేయుట యెట్లని కొందఱు సందేహింతురు. మఱుగునకు పోయిన తరువాత ఆమెకు తోడుగా మగఁడు లేడు, అత్త లేదు, ఊరిపెద్ద లేడు. వ్రేలిమీది సిరాగుర్తు వోటు వేసినదని చెప్పునే గాని, ఎవరికి వేసినదో చెప్పదు. ఒక్క సంగతి మాత్రము తెలిసియుండవలయును. ఇప్పటి యంత్రములలోని వోట్లను ఏ కేంద్రపు లెక్క ఆ కేంద్రమునకు వేఱుగా ప్రకటింతురు. కావున ఒక పేట యెటు మొగ్గినదో ఊరివారికి తెలియును. అందులో ఒక మనిషి యెటు మొగ్గినదో యెవరికిని తెలియదు. "నీ వెవరికి వేసితివో మాకు తెలిసిపోవును" అని బెదరించువాని మాట వట్టిది.

ఇట్టి వోట్లు కలసినచో ఏమగునో నెల్లూరు జిల్లాలోని దూబగుంట యను చిన్న గ్రామము చూపినది. 1991లో ఆ జిల్లాలో అక్షరాస్యతా యుద్యమము మొదలయ్యెను. పగలెల్ల కూలిపని చేసి వచ్చిన స్త్రీలు రాత్రివేళ పలకలు పట్టి కూర్చుండిరి. అక్షరములతోపాటు ఇంటి కష్టములును అచట మాటలలోనికి వచ్చెను. కూలిడబ్బులు సారా దుకాణమునకు పోవుటయే తమ యందఱి యిండ్లలోని బాధ యని వారికి తెలిసెను. రోశమ్మ మొదలగువారు ముందు నడువగా, దూబగుంట స్త్రీలు తమ యూరి సారా దుకాణమును మూయించిరి. వారి కథ చదువు పుస్తకములలో పాఠమై యితర గ్రామములకు ప్రాఁకెను. 1992లో స్త్రీలు గుంపులు గుంపులుగా వచ్చి సారా వేలముపాటల నడ్డగించిరి. వారిలో ఏ పార్టీ యింటివారును ఉండిరి. ఆ పేరు వారి నడుమ అడ్డుగోడ కాలేదు.

ఫలిత మేమి? 1993లో కాంగ్రెసు ప్రభుత్వము సారాను నిషేధించెను. 1980-90 నడుమ సారాను పొట్లములలో అమ్మించిన తెలుగుదేశము పక్షమే, 1994 ఎన్నికలలో సంపూర్ణ మద్యనిషేధమును వాగ్దానము చేసెను. ఆ యెన్నికలలో 294 స్థానములకు 216 ఆ పక్షమునకు వచ్చెను. గెలుపునకు ఇది యొక్కటే కారణమని చెప్పరాదు గాని, స్త్రీల వోటు లెక్కకు వచ్చినదని మాత్రము అన్ని పక్షములును గ్రహించినవి. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధ మమలులోనికి వచ్చెను.

కథ యింతటితో ముగిసినచో ఎంత బాగుండెడిది! ఆదాయము తగ్గినదనియు, దొంగసారా పెరిగినదనియు చెప్పి 1997లో ఆ పక్షపు ప్రభుత్వమే సంపూర్ణ నిషేధమును తొలగించెను. సారా మీది నిషేధము నిలిచెను. తక్కిన మద్యము దుకాణములకు తిరిగి వచ్చెను. వోటు వేసిన దినమున స్త్రీలకు చూపిన గౌరవము రెండేండ్లలో పలుచబడినది. అడిగి సాధించుట ఒక పని. సాధించినదానిని కాపాడుకొనుట అంతకంటె పెద్ద పని.

కావున సోదరీమణులారా, పట్టికలో మీ పేరు సరిగా నున్నదో లేదో ముందుగా చూచుకొనుఁడు. వోటడుగ వచ్చినవానిని చీర, కుంకుమభరిణె అడుగక, మంచినీళ్లను గూర్చి, బడిని గూర్చి, ఆసుపత్రిని గూర్చి అడుగుఁడు. గెలిచిన పిమ్మటను ఆ మాటనే మరల మరల అడుగుఁడు. భర్తతో మీ యభిప్రాయము కలసినచో మంచిదే. కలియకున్న తగవు పడనక్కఱలేదు. ఒక యింట రెండు వోట్లున్నవన్న మాటకు అర్థము ఆ యింట రెండు ఆలోచనలకు చోటున్నదనియే. ఇకమీద అరుగుమీద కూర్చున్న పెద్దలు "ఆ యిల్లు ఫలానావారిది" అని లెక్క వేయునప్పుడు, లోపలి గదిలో పప్పు రుబ్బుచున్న యిల్లాలిని కూడ తలఁచుకొని ఒక నిమిషము సంశయింతురు గాక!