పిల్లల గృహములకు అనుమతి పత్రమేల?

తల్లిదండ్రులు లేని పిల్లలను, ఉన్నను పోషింపజాలనివారి పిల్లలను చేర్చుకొని పెంచు గృహములు మన దేశమున పెక్కు కలవు. 2018లో వెలువడిన కేంద్రప్రభుత్వ నివేదికలో 9,589 గృహములు లెక్కకు వచ్చినవి. వీనిలో అధికభాగము స్వచ్ఛంద సంస్థలవారు నడుపునవే. పుణ్యకార్యమునకు సర్కారు అనుమతి యేల యని సంస్థాపకులు కొందరు నొచ్చుకొందురు. వారి నొప్పిని మేము తేలికగా త్రోసివేయము. అయినను అచ్చటి పిల్లవాని తరపున వచ్చి అడుగు బంధువు తరచుగా ఉండడు. కనుక బయటివారి కన్ను ఒకటి ఆ యింటిపై ఉండవలసినదే.

ఈ విషయము మన తమిళనాడునుండియే సుప్రీంకోర్టుకు చేరినది. ఇచ్చటి అనాథాశ్రమములలో పిల్లలు పడు బాధలను గూర్చి 2007లో ఒక పత్రికలో వచ్చిన వ్యాసము ఆ వ్యాజ్యమునకు మూలము. తీర్పు వచ్చుటకు పదేండ్లు పట్టినది! 2017 మే 5న వెలువడిన ఆ తీర్పులో, ఆ సంవత్సరాంతములోగా పిల్లల గృహములన్నియు రిజిస్టరు కావలెనని న్యాయస్థానము ఆదేశించెను.

ఆ రిజిస్ట్రేషనుకు ఆధారము 2015 నాటి బాలల న్యాయ చట్టములోని 41వ సెక్షను. దరఖాస్తు అందిన నెలలోగా ప్రభుత్వము తాత్కాలికానుమతి ఇయ్యవలెను. అది ఆరు మాసములకు మించి చెల్లదు. అటుపిమ్మట పూర్తి అనుమతి లభించినచో ఐదేండ్లు చెల్లును. అనుమతి లేక గృహము నడుపువారికి ఒక సంవత్సరము వరకు ఖైదుగాని, లక్ష రూపాయలకు తగ్గని జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును.

ఎందరు పిల్లలకు చోటున్నదో ఆ పత్రముమీదనే వ్రాయుదురు. ఆ సంఖ్య ఊహించి వేయునది కాదు. 2016 నాటి మాదిరి నియమముల ప్రకారము ఏబదిమందికి వెయ్యేసి చదరపుటడుగుల పడకగదులు రెండు, స్నానపుగదులు ఐదు, మరుగుదొడ్లు ఎనిమిది ఉండవలెను. పడకగదిలో ఒక్కొక్క పిల్లవానికి వచ్చునది నలువది చదరపుటడుగులు. అనగా ఎనిమిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు: ఒక మంచము, దానిచెంత ఒక పెట్టె. పాఠకులు తమ యింట కొలిచి చూడవచ్చును.

ఇక అధికారి స్థితిని చూతము. అతనికి అధికారమెంతో భయమును అంతే. నెలలోగా తాత్కాలికానుమతి ఇయ్యకున్నచో దరఖాస్తు రసీదే అనుమతిగా చెల్లుబాటగును. ఆరు మాసములలో దరఖాస్తును తేల్చకున్నచో అది కర్తవ్యలోపమని అతనిపైననే శాఖాపరమైన చర్య తీసికొనవలెనని చట్టము చెప్పుచున్నది. తొందరపడి సంతకము చేసి, పిమ్మట ఏదేని కీడు మూడినచో ఆ సంతకమే అతనిని పట్టియిచ్చును. అందుచే కొందరధికారులు కాగితములు సరిగానున్నవా యను దానినే చూచి ఊరకుందురు. మా అభిప్రాయమున ఈ వ్యవస్థకు పట్టిన చీడ ఇదియే. దీనికి విరుగుడుగా చట్టము తనిఖీ సంఘములను ఏర్పరచినది. ముగ్గురికి తగ్గకుండ, ఒక స్త్రీయు ఒక వైద్యాధికారియు తప్పక ఉండునట్లు, మూడు మాసములకొకసారియైన పోయి చూచి, వారములోగా నివేదిక నీయవలెను. 2022 సెప్టెంబరు 1 నుండి అమలులోనున్న సవరణ ప్రకారము ఆ నివేదిక జిల్లా మేజిస్ట్రేటుకు చేరును.

అసలు చిక్కు ఆ నివేదిక చేరిన పిదపనే వచ్చును. ఏబదిమందికి అనుమతిగల యింట ఎనుబదిమంది యున్నారనుకొందము. అనుమతి రద్దుచేయుట సులభము. కాని ఆ రాత్రి వారు పండుకొనునదెక్కడ? వేరొక రిజిస్టరైన గృహమునకు పంపవచ్చును. అది ఏ జిల్లాలో నున్నదో! తెలుగు మాధ్యమమున ఏడవ తరగతి చదువు బాలికను తెలుగు బడి లేని ఊరికి మార్చినచో ఆమెకు గదియు, మంచమును దొరకును, చదువు మాత్రము సగములో తెగిపోవును. పిల్లలకు ఆశ్రయము చూపునపుడు వారి భాషను, పెంపకములోని అవిచ్ఛిన్నతను గమనింపవలెనని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 20వ అధికరణము చెప్పుచున్నది. 1992లో భారతదేశము దానిని అంగీకరించినది. మనవంటి అల్పసంఖ్యాక భాషలవారు ఈ అధికరణమును ఎరిగియుండుట మంచిది. గృహమును మార్చు ఉత్తరువు వచ్చినపుడు బాలల సంక్షేమ సమితి యెదుట దీనిని చూపి, తెలుగు బడి దగ్గరనున్న గృహమునే కోరవచ్చును.