జంటపద్దు విధానం – వ్యూహాత్మక విశ్లేషణ: సత్యం ఉదంతం ఆధారంగా ఒక పరిశీలన

పరిచయం

వాణిజ్యశాస్త్ర బోధనలో గణకశాస్త్రం, వ్యూహాత్మక విశ్లేషణ తరచుగా వేర్వేరు పాఠ్యాంశాలుగానే నిలిచిపోతున్నాయి. పద్దులు రాయడం నేర్చిన విద్యార్థి వాటిపై ఆధారపడే నిర్ణయాలను గమనించడు. స్వాట్ పట్టికను నింపే విద్యార్థి అందులోని అంకెలు ఎక్కడివని ప్రశ్నించడు. ఈ రెండింటి సంబంధాన్ని హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ ఉదంతం ద్వారా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

జంటపద్దు మూలసూత్రం

ప్రతి వ్యాపార వ్యవహారానికి రెండు ముఖాలుంటాయి. ఒక ఖాతాకు డెబిట్ చేసిన మొత్తం మరొక ఖాతాకు క్రెడిట్ అవుతుంది. అందువల్ల ఆస్తుల విలువ మూలధనం, అప్పుల మొత్తానికి సమానంగా ఉంటుంది. అయితే ఈ సమానత్వం అంకగణిత పరమైనదే. అంకణా కుదిరినంత మాత్రాన పద్దులు నిజమైనవని చెప్పలేం. లేని అమ్మకాన్ని రాబడిగా క్రెడిట్ చేస్తే, దానికి సరితూగే డెబిట్ ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. అది ఋణగ్రస్తుల ఖాతాలో చేరుతుంది. వసూలైనట్లు చూపితే బ్యాంకు నిల్వగా మారుతుంది.

588 కోట్ల తేడా

2009 జనవరి 7న కంపెనీ ఛైర్మన్ బి. రామలింగరాజు డైరెక్టర్ల బోర్డుకు రాసిన లేఖ ఈ సూత్రానికి ఉదాహరణ. 2008 సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికానికి రూ. 2,700 కోట్ల రాబడి, రూ. 649 కోట్ల నిర్వహణ లాభం చూపారు. లేఖ ప్రకారం వాస్తవ రాబడి రూ. 2,112 కోట్లు, లాభం రూ. 61 కోట్లు. రెండింటిలోనూ తేడా రూ. 588 కోట్లే. లేని రాబడికి ఖర్చు ఉండదు కనుక అది యథాతథంగా లాభంలో కలిసింది. ఆ త్రైమాసికంలో కృత్రిమ నగదు, బ్యాంకు నిల్వలు పెరిగింది కూడా సరిగ్గా అంతే. ఇలా ఏళ్ల తరబడి పేరుకున్నందున, సెప్టెంబరు 30 నాటికి చూపిన రూ. 5,361 కోట్ల నిల్వల్లో రూ. 5,040 కోట్లు లేనివేనని లేఖ వెల్లడించింది.

వ్యూహంపై ప్రభావం

చూపిన నిర్వహణ లాభం రాబడిలో 24 శాతం. వాస్తవమైనది 3 శాతం. మొదటి అంకెను నమ్మిన విశ్లేషకుడు నగదు నిల్వను సంస్థ బలంగా గుర్తించి విస్తరణను సూచిస్తాడు. రెండవ అంకె తెలిసినవాడు వ్యయ నియంత్రణను, ధరల పునఃపరిశీలనను సూచిస్తాడు. 2008 డిసెంబరు 16న ప్రకటించి, మదుపరుల వ్యతిరేకతతో ఉపసంహరించిన మేటాస్ సంస్థల కొనుగోలు పైకి వ్యాపార వైవిధ్యీకరణగా కనిపించింది. కల్పిత ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులను నింపేందుకు చేసిన చివరి ప్రయత్నం అదేనని లేఖ పేర్కొంది.

ముగింపు

లాభాన్ని నగదు ప్రవాహంతో పోల్చి చూడమని విద్యార్థులకు బోధిస్తాం. నగదే కల్పితమైనప్పుడు ఆ పరీక్ష ఒక్కటే చాలదు. నిల్వలను బ్యాంకు నుంచి నేరుగా, స్వతంత్రంగా ధ్రువీకరించుకోవాలి. ఇంత నగదు ఉన్న సంస్థ దానిని ఎందుకు వినియోగించడం లేదని ప్రశ్నించాలి. మొదటిది గణకుని ప్రశ్న, రెండవది వ్యూహకర్త ప్రశ్న. ఒకే తరగతి గదిలో ఈ రెండింటినీ కలిపి అడగడం నేర్పినప్పుడే ఈ పాఠ్యాంశాల బోధన సార్థకమవుతుంది.