గాత్రదానమా, గాత్రహక్కా? శంషాబాద్ విమానాశ్రయ పరిసరాల నేపథ్యంలో స్వతంత్ర వాచికవృత్తి

వ్యాససంగ్రహం:
సినిమా, వ్యాపార ప్రకటన, శ్రవ్యపుస్తకం, బహిరంగ ప్రకటన వ్యవస్థ వంటి వాటికి గొంతునిస్తూ, ఏ సంస్థలోనూ ఉద్యోగి కాకుండా పనికింత అని ప్రతిఫలం పుచ్చుకొనే వృత్తిని ఈ వ్యాసంలో ‘స్వతంత్ర వాచికవృత్తి’గా వ్యవహరించడం జరిగింది. ఈ పరిశీలనకు శంషాబాద్ రెండు విధాల తగిన స్థలం. రికార్డు చేసిన తెలుగు గొంతుకు విమానాశ్రయం సహజమైన వేదిక. నగరం అంచున ఇంట్లోనే రికార్డు చేసుకొనే కళాకారునికి అదే విమానాశ్రయం పెద్ద అవరోధం. ఒకసారి పలికిన మాటను ఎవరు, ఎంతకాలం, ఎక్కడ వాడుకోవచ్చునన్నదే ఈ వృత్తిలో అసలు ప్రశ్న అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వాచికం, డబ్బింగ్, చూళిక, ప్రదర్శకుని హక్కు, కృత్రిమ గాత్రం, శంషాబాద్.

1. ఉపోద్ఘాతం

నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగుగా విభజించింది. డబ్బింగ్ కళాకారునికి ఇందులో దక్కేది వాచికం, దాన్ని లోపలినుండి నడిపించే సాత్త్వికం మాత్రమే. మిగిలిన రెండూ తెరమీది నటుడివి. తెరవెనుక నుండి మాటతో విషయాన్ని సూచించే పద్ధతి మన రూపకాలకు కొత్తది కాదు. ఆలంకారికులు దానికి ‘చూళిక’ అని పేరుపెట్టి అర్థోపక్షేపకాలలో ఒకటిగా లెక్కించారు. తోలుబొమ్మలాటలో బొమ్మకు మాట ఇచ్చేవారు తెర వెనుకనే ఉంటారు. విమానం ఆలస్యమైందనీ, ద్వారం మారిందనీ చెప్పే కనిపించని గొంతు కూడా ఈ కోవలోనిదే. రాబోయే సన్నివేశాన్ని ప్రేక్షకులకు బదులు ప్రయాణికులకు సూచించే చూళిక అది.

తెలుగు సినిమాలో ఈ వృత్తికి స్పష్టమైన ఆరంభం ‘ఆహుతి’ (1950). ‘నీరా ఔర్ నందా’ అనే హిందీ చిత్రానికి తెలుగు అనువాదమైన ఆ సినిమాకు మాటలు, పాటలు రాసినవారు శ్రీశ్రీ. పెదవుల కదలికకు మాట కూర్చే పనిని ఒక మహాకవి చేపట్టడం తెలుగు డబ్బింగుకు దొరికిన మంచి ప్రారంభమే. ఆ తరువాతి కాలంలో ఈ పని కొన్ని కుటుంబాలలో వారసత్వంగా నిలిచింది. నటుడు పి. జె. శర్మ డబ్బింగ్ కళాకారుడు కూడా. ఆయన కుమారుడు సాయికుమార్ సుమన్‌కు, రాజశేఖర్‌కు ఇచ్చిన గొంతు ఆ నటుల రూపంలో విడదీయరాని భాగమైంది. మరో కుమారుడు రవిశంకర్ ‘అరుంధతి’ (2009)లో సోనూ సూద్ ధరించిన పశుపతి పాత్రకు గొంతునిచ్చారు. కమల్ హాసన్ తెలుగు మాట అనగానే ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం గొంతే గుర్తుకొస్తుంది. ‘ఏ మాయ చేసావె’ (2010)లో సమంతకు చిన్మయి మాట ఇచ్చారు.

ఈ పనికి పత్రికలు వాడే గౌరవపదం ‘గాత్రదానం’. ఈ పదం దగ్గర కొంచెం ఆగాలి. దానం చేసినవాడు ఇచ్చిన వస్తువుపై తిరిగి హక్కు కోరడు. సంభావన పుచ్చుకొని చేసే పనిని దానమని పిలవడంలో గౌరవం ఉన్నమాట నిజమే. అయితే ఆ పని చేసినవారికి తరువాత ఏమీ మిగలదన్న భావన కూడా ఆ పదంలో తెలియకుండానే చేరిపోయింది.

2. పెదవికి అందే తెలుగు

డబ్బింగులో మొదటి కష్టం ధ్వనిశాస్త్రానికి సంబంధించినది. ప, బ, మ వంటి ఓష్ఠ్యాలు పలికేటప్పుడు పెదవులు మూసుకోవడం తెరమీద స్పష్టంగా కనిపిస్తుంది. దంత్యాలు, కంఠ్యాలు అంతగా కనిపించవు. కనుక అనువాదకుడు అర్థంతోపాటు ఓష్ఠ్యాల స్థానాన్నీ చూసుకోవాలి. తెలుగు అజంత భాష కావడం ఇక్కడ అదనపు చిక్కు. హిందీలో ‘హమ్’ అన్న నటుని నోరు చివర మూసుకుంటుంది. ‘మేము’ అంటే చివర పెదవులు గుండ్రబడి తెరుచుకొనే ఉంటాయి. ‘మనం’ అంటే సరిపోతుంది. కానీ ‘మేము’, ‘మనం’ అనే భేదం హిందీలో లేదు, తెలుగులో తప్పనిసరి. సన్నివేశంలో ఎదుటి వ్యక్తి ఆ ‘మన’లో చేరకపోతే పెదవికి సరిపోయిన మాట అర్థానికి తప్పుతుంది. తమిళంలోని ‘ఆమామ్’కు ‘అవును’ అర్థానికి సరిపోతుంది, పెదవికి కాదు. ‘నిజం’ అన్నప్పుడు నోరు మూసుకుంటుంది. ఆంగ్లచిత్రాల విషయంలో వాక్యనిర్మాణమే అడ్డువస్తుంది. ఆంగ్లంలో క్రియ ముందే వస్తుంది, తెలుగులో వాక్యాంతంలో వస్తుంది. నటుడు చేయి విసిరిన క్షణానికి తెలుగు వాక్యంలో కర్మపదం మాత్రమే వచ్చి ఉంటుంది.

ఇటువంటి చోట్ల రచయిత చేసిన సర్దుబాటు చాలనప్పుడు, మిగిలిన భాగాన్ని మైకు ముందున్న కళాకారుడే పూరిస్తాడు. ఒక అచ్చును సాగదీయడం, ఒక ఊపిరిని అరక్షణం ముందు తీయడం, మాటకు ముందు చిన్న హుంకారం చేర్చడం ఏ స్క్రిప్టులోనూ ఉండవు. వాటిని యాంత్రికమైన పని అనలేం. హక్కుల చర్చకు ఇదే పునాది.

3. విమానాశ్రయ ప్రకటనలో తెలుగు వ్యాకరణం

శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చి 23న వాణిజ్య విమానాలకు తెరుచుకొంది. విమానాశ్రయాలలో ప్రకటనలు ముందు స్థానిక భాషలో, తరువాత హిందీ, ఆంగ్లాలలో ఉండాలని 2018 డిసెంబరులో కేంద్ర పౌర విమానయాన యంత్రాంగం ఆదేశించింది. ప్రకటనలు లేని ‘నిశ్శబ్ద’ విమానాశ్రయాలకు మినహాయింపు ఉంది. ఈ ఆదేశం వల్ల తెలుగు గొంతుకు ప్రాధాన్యం వచ్చింది, దానితోపాటు వ్యాకరణ సమస్యా వచ్చింది.

ముందే రికార్డు చేసిన ప్రకటన వ్యవస్థల్లో వాక్యాన్ని మొత్తంగా పలికించరు. ఊరి పేరు, విమానసంస్థ పేరు, అంకెలు, వేళ, స్థిరమైన పదబంధాలు విడివిడి ముక్కలుగా భద్రపరిచి, అవసరమైనప్పుడు యంత్రం వాటిని కలుపుతుంది. విభక్తి ప్రత్యయాలు పెద్దగా లేని ఆంగ్లానికి ఈ పద్ధతి నప్పుతుంది. తెలుగులో ‘ఢిల్లీకి’, ‘చెన్నైకి’, ‘తిరుపతికి’ అంటాం. ‘బెంగళూరుకు’, ‘విజయవాడకు’, ‘కోల్‌కతాకు’ అంటాం. బాలవ్యాకరణం చదివినవారికి ఈ కు-కి భేదం తెలిసిందే. ‘విశాఖపట్నం’ దగ్గరకు వచ్చేసరికి ప్రాతిపదికే మారి ‘విశాఖపట్నానికి’ అవుతుంది. అంటే ప్రత్యయాన్ని విడి ముక్కగా అతికించడం కుదరదు. ప్రతి ఊరి పేరునూ విభక్తి ప్రత్యయంతో కలిపి మళ్ళీ పలకాలి. లేదా వాక్యాన్నే మార్చాలి. ‘విశాఖపట్నం వెళ్ళే ప్రయాణికులకు విజ్ఞప్తి’ అంటే ప్రత్యయం లేకుండానే అర్థం నిలుస్తుంది. ఈ వాడుక వ్యవహారంలో ఉన్నదే. ఊరికి ఒక్క రూపం రికార్డు చేస్తే చాలు.

వేళలు మరింత సున్నితమైనవి. ‘ఒకటి’, ‘గంట’ అనే రెండు ముక్కలు కలిపితే ‘ఒకటి గంట’ వస్తుంది. తెలుగువాడు ‘ఒంటి గంట’ అంటాడు. రెండు నుండి ‘గంటలు’ బహువచనమవుతుంది. ‘మూడు విమానాలు’ సరే, ‘మూడు ప్రయాణికులు’ తప్పు, ‘ముగ్గురు ప్రయాణికులు’ కావాలి. వీటికి తోడు స్వరం. విమానసంఖ్య మొదట వచ్చే ‘ఆరు’, నడుమ వచ్చే ‘ఆరు’, చివర వచ్చే ‘ఆరు’ ఒకే స్థాయిలో ఉండవు. అందువల్ల ప్రతి అంకెనూ మూడు స్థానాలకు మూడు విధాలుగా పలికించవలసి వస్తుంది. వరుసగా కొన్ని వందల ముక్కలను ఒకే శ్రుతిలో, ఒకే దూరంలో, ఒకే వేగంతో పలకడం నటనకన్నా సాధన కోరే పని. ఈ తేడాలను గుర్తించి ‘ఒకటి గంట’ దగ్గర ఆగి సరిదిద్దే గొంతు దొరికితే, ఆ సంస్థకు భాషా సలహాదారు కూడా దొరికినట్లే. ఆ సలహాకు విడిగా ప్రతిఫలం ఇవ్వడం అరుదు.

4. ఇంటి స్టూడియో, రన్‌వే

ఒకప్పుడు ఈ పని స్టూడియోలోనే జరిగేది. ఇప్పుడు ప్రకటనలు, శిక్షణ పాఠాలు, శ్రవ్యపుస్తకాలు చాలావరకు కళాకారుని ఇంటినుండే ఫైళ్ళుగా వెళ్తున్నాయి. ఫిల్మ్‌నగర్, బంజారాహిల్స్ స్టూడియోల నుండి ఇంచుమించు 30 కిలోమీటర్ల దూరంలో, శంషాబాద్ పరిసరాల్లో నివసించేవారు ఈ పని చేయగలగడానికి కారణం ఇదే. అయితే నగరపు రొద తప్పించుకొన్నవారికి ఇక్కడ వేరొక ధ్వని ఎదురవుతుంది.

రన్‌వే తూర్పు-పడమరలుగా ఉంది, పొడవు 4,260 మీటర్లు. విమానాలు గాలికి ఎదురుగా దిగుతాయి, లేస్తాయి. నైరుతి రుతుపవనాల కాలంలో పడమటి గాలి వీస్తుంది కనుక అవి తూర్పునుండి దిగి పడమటికి లేస్తాయి. గాలి మారితే దిశ మారుతుంది. కొసలకు సూటిగా ఉన్న ఊళ్ళలో వినిపించేంతగా ఉత్తర దక్షిణాల ఊళ్ళలో ఈ ధ్వని వినిపించదు. ఇల్లు అద్దెకు తీసుకొనే వాచిక కళాకారుడు చూసుకోవలసింది విమానాశ్రయానికి ఎంత దూరమన్నది కాదు, రన్‌వే రేఖకు ఎంత పక్కన అన్నది. ఇతర ప్రాంతాలలో పనిచేసే పాత ఉపాయం, అంటే ఊరు నిద్రపోయాక రికార్డు చేయడం, ఇక్కడ నమ్మదగినది కాదు. విమానాశ్రయం ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది.

గోడలకు బొంతలు కట్టడం, బట్టల బీరువాలో మైకు పెట్టడం, దూది పరుపు నిలబెట్టడం వంటివి గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తాయి. బయటి ధ్వనిని, ముఖ్యంగా తక్కువ పౌనఃపున్యపు గర్జనను అవి ఆపలేవు. దాన్ని ఆపగలిగేది బరువైన గోడ, సందులేని తలుపు. 80 హెర్ట్జ్‌కు దిగువన ఉన్న ధ్వనిని ఫిల్టరుతో కోసివేయవచ్చు, కానీ పురుషస్వరపు ప్రాథమిక పౌనఃపున్యం ఇంచుమించు అక్కడినుండే మొదలవుతుంది. ఇంకొంచెం పైకి కోస్తే గొంతులో గాంభీర్యం పోతుంది. దిగే విమానపు ధ్వని మాట ఉండే స్థాయిలన్నిటా పరచుకొని ఉంటుంది కనుక విడదీయడం కష్టం. అమెజాన్‌కు చెందిన ఏసీఎక్స్ శ్రవ్యపుస్తకాలకు విధించిన ప్రమాణం ప్రకారం గది నిశ్శబ్దం మైనస్ 60 డెసిబెల్స్‌కు మించరాదు. తల మీదుగా ఒక విమానం వెళ్తే ఆ వాక్యం మళ్ళీ చదవవలసిందే. మళ్ళీ చదివిన వాక్యం పాతదానితో భావంలోనూ కలవాలి. నిమిషాల లెక్కన ప్రతిఫలం వచ్చే పనిలో, ఆగిన నిమిషాలు ఎవరి లెక్కలోకీ రావు.

5. ఒప్పందం, చట్టం

1957 నాటి కాపీరైట్ చట్టం ‘ప్రదర్శకుడు’ అనే మాటను నిర్వచిస్తూ నటుడు, గాయకుడు, నర్తకుడు, గారడీవాడు, పాములవాడు మొదలైన వారిని పేర్కొంది. డబ్బింగ్ కళాకారుడి పేరు అందులో లేదు. పాములవాడికి దక్కిన స్థానం తనకు దక్కలేదని చిన్నబుచ్చుకోనక్కరలేదు. ‘ప్రదర్శన చేసే మరే వ్యక్తి అయినా’ అన్న అర్థమిచ్చే మాట చివర ఉంది. ప్రదర్శన ‘ప్రత్యక్షంగా’ జరగాలన్న నియమం స్టూడియో పనికి అడ్డమా అన్న సందేహాన్ని ఢిల్లీ హైకోర్టు నేహా భాసిన్ కేసులో (2006) తీర్చింది. స్టూడియోలో పాడినా మొదటిసారి పాడడం ప్రత్యక్ష ప్రదర్శనే అన్నది ఆ తీర్పు సారం.

2012 సవరణతో వచ్చిన 38ఏ, 38బి సెక్షన్లు ఇంకా ముఖ్యమైనవి. సినిమాలో తన ప్రదర్శనను చేర్చడానికి రాతపూర్వకంగా అంగీకరించిన ప్రదర్శకుడు, విరుద్ధమైన షరతు లేనప్పుడు, నిర్మాత దాన్ని వాడుకోవడాన్ని ఆక్షేపించలేడు. అయినా వాణిజ్య వినియోగానికి రాయల్టీ పొందే అర్హత అతనికి ఉంటుంది. ప్రదర్శకుని హక్కు 50 ఏళ్ళు నిలుస్తుంది. హక్కుల బదలాయింపులో కాలం రాయకపోతే ఐదేళ్ళనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశమనీ భావించాలని చెప్పే 19వ సెక్షన్, 39ఏ ద్వారా ప్రదర్శకులకూ వర్తిస్తుంది. స్వతంత్ర కళాకారుడు గుర్తుంచుకోవలసిన నియమం ఏదైనా ఉంటే ఇదే. మరొక చిన్న మెలిక ఉంది. సినిమాలో యాదృచ్ఛికంగానో అప్రధానంగానో ఉండి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం పేరు వేయని ప్రదర్శన చేసినవారు, పరువుకు భంగం కలిగించే వక్రీకరణను ఎదిరించే హక్కు తప్ప, ప్రదర్శకులుగా లెక్కకు రారు. చివరి పేర్లలో ఒక వరుస కోసం పట్టుబట్టడం కేవలం కీర్తికాంక్ష కాదు.

ఆచరణలో చాలా పనులు ఫోన్‌లో మాట ఇచ్చి, వాట్సాప్‌లో స్క్రిప్టు పంపడంతో జరిగిపోతాయి. నమూనాగా చదివించిన ముక్కే ప్రకటనలో వినిపించడం, మూడు నెలల ప్రకటన మూడేళ్ళు తిరగడం వృత్తిలో ఉన్నవారికి కొత్త కాదు. చెల్లింపులో 10 శాతం మూలంలోనే పన్నుగా కోసుకొన్న పత్రం మాత్రం సంస్థలు ఇస్తాయి. ఎన్నో సందర్భాల్లో ఆ పని జరిగిందనడానికి కళాకారుని దగ్గర మిగిలే ఆధారం అదే.

6. మనిషి లేని గొంతు

వందల ముక్కలను పలికించి భద్రపరిచే పాత ప్రకటన పద్ధతికీ, మాటల నమూనాల నుండి గొంతును నేర్చుకొనే నేటి కృత్రిమ మేధకూ మధ్య ఉన్న భేదం పరిమాణంలోనిది మాత్రమే కాదు. పాత పద్ధతిలో యంత్రం కళాకారుడు పలికిన మాటనే తిరిగి వినిపించేది. కొత్త పద్ధతిలో అతడు ఎన్నడూ పలకని వాక్యం అతని గొంతులో వినిపిస్తుంది. కాపీరైట్ చట్టం రక్షించేది చేసిన ప్రదర్శనను. చేయని ప్రదర్శనకు అది సూటిగా అందదు. అందుకే న్యాయస్థానాలు వ్యక్తిత్వ హక్కును ఆశ్రయిస్తున్నాయి. గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును అనుకరించే కృత్రిమ మేధ సాధనాలపై బొంబాయి హైకోర్టు 2024 జూలైలో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. తెలుగులో ‘కీడా కోలా’ (2023) చిత్రంలో ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం గొంతును అనుమతి లేకుండా పునఃసృష్టించారంటూ ఆయన కుమారుడు చరణ్ చిత్రబృందానికి నోటీసు పంపిన విషయం 2024లో వెలుగులోకి వచ్చింది. అదే ఏడాది ఎ. ఆర్. రెహమాన్ తమిళ చిత్రం ‘లాల్ సలాం’లో దివంగత గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్ గొంతులను వారి కుటుంబాల అనుమతితో, ప్రతిఫలం చెల్లించి వాడారు. ఈ రెండు ఉదంతాల్లో సాంకేతికత ఇంచుమించు ఒకటే, భేదమంతా అనుమతి విషయంలోనే.

ఇవన్నీ పేరుపొందిన గొంతులు. వ్యక్తిత్వ హక్కుకు ఆధారం ఆ గొంతును లోకం గుర్తుపట్టడం. విమానాశ్రయ ప్రకటనలోని గొంతును లక్షలమంది విన్నా, అది ఎవరిదో ఎవరికీ తెలియదు. అటువంటి కళాకారునికి ఒప్పందంలో ‘ఈ రికార్డింగును యంత్రశిక్షణకు వాడరాదు’ అన్న ఒక్క వాక్యమే రక్షణ. కాలం, మాధ్యమం, ప్రాంతం వరుసలో ఈ నాలుగో షరతును చేర్చుకోవడం ఇప్పుడు అవసరమైంది.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన నాలుగు కార్మిక స్మృతుల గురించి కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన ప్రకటనలో దృశ్యశ్రవణ కార్మికుల వరుసలో డబ్బింగ్ కళాకారుల ప్రస్తావన ఉంది. నియామక పత్రం, సకాలంలో వేతనం, అదనపు పనికి రెట్టింపు చెల్లింపు అందులోని హామీలు. పాత సినీ కార్మికుల చట్టం (1981) కథాచిత్రాలకే పరిమితమైంది. కొత్త స్మృతిలోని నిర్వచనం ప్రకటనలను, వెబ్ ధారావాహికలను, డిజిటల్ నిర్మాణాలను కూడా కలుపుకొంది. అయితే ఆ నిర్వచనం ‘నియమితుడైన’ వ్యక్తిని ఉద్దేశించినది, నేరుగా గానీ గుత్తేదారు ద్వారా గానీ. శంషాబాద్‌లో తన ఇంటి బీరువా తలుపు మూసుకొని, విమానం దాటిపోయేదాకా ఆగి, నాలుగు నగరాల్లోని నలుగురు ఖాతాదారులకు ఒకే రోజు ఫైళ్ళు పంపే వ్యక్తికి నియామక పత్రం ఇవ్వవలసిన యజమాని ఆ నలుగురిలో ఎవరన్నది ఈ స్మృతి అమలులో మొదట తేలవలసిన అంశం.